ప్రభువునందు నిద్రించిన ఇంట: మొదటి గంట నుంచి మొదటి ఈస్టరు దాకా

పరలోకం మీద నమ్మకం ఆదివారం పాటల్లో బాగానే వినబడుతుంది. అది ఇంట్లోకి ఎంతవరకు దిగిందో మాత్రం చావు కబురు వచ్చాకే బయటపడుతుంది. పెట్టెకు ఎంత పెట్టాలి, విధవరాలి చేతి గాజుల జోలికి ఎవరు వస్తారు, పిల్లలకు ఏం చెబుతారు, అప్పు చేసి భోజనాలు పెడతారా అన్న చిన్న చిన్న విషయాల్లోనే ఆ నమ్మకం నిలబడుతుంది, లేదా జారిపోతుంది. ఒడిశాలోని రాయగడ, గుణుపూరు, కాశీనగరం, పర్లాకిమిడి, జయపురం వైపు తెలుగు క్రైస్తవ సంఘాల్లో పెద్దలకు, స్త్రీల సమాజాలకు, కుటుంబాలకు ఆ రోజున పనికొచ్చే వివరాలివి. ఇక్కడి ఇబ్బందులు ఇక్కడివే. ఒకే శవపేటిక చుట్టూ తెలుగు, ఒడియా, సవర అనే ఆదివాసీ భాష మాట్లాడేవాళ్లు నిలబడతారు. చుట్టాలు ఆంధ్ర వైపు నుంచి వస్తారు, కాగితాలు ఒడిశా ఆఫీసుల్లో కావాలి. పక్కింటివాళ్లు పదో రోజు ఎప్పుడని అడుగుతారు.

ముందుగా ఒక మాట సంగతి. మన బైబిల్లో ఉన్నది పరలోకం. స్వర్గం అంటే తెలుగువాడికి ఇంద్రసభ గుర్తొస్తుంది కాబట్టి మన ప్రసంగాల్లో ఆ మాట వాడరు. ఒడియా క్రైస్తవులు మాత్రం ప్రభువు ప్రార్థనలోనే స్వర్గ అంటారు. వాళ్లకు అదే పరలోకం. ఒడియా పాస్టరుగారు స్వర్గ అన్నారని తర్వాత వరండాలో చర్చలు పెట్టడం అనవసరం. మాట వేరు, నమ్మేది ఒకటే.

ఆ నమ్మకంలో రెండు ముడులున్నాయి, చావు ఇంట్లో రెండూ కావాలి. ఒకటి, చనిపోయిన విశ్వాసి ఇప్పుడు ప్రభువు దగ్గర ఉన్నాడన్నది. రెండు, ఈ శరీరం కూడా ఒకరోజు లేస్తుందన్నది. మొదటిదే పట్టుకుంటే శరీరాన్ని ఖాళీ సంచిలా చూస్తాం. రెండోది గుర్తుంటే దాన్ని విత్తనంలా, గౌరవంగా మట్టిలో పెడతాం. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయం వాడిన పోలిక విత్తనమే. అదే నమ్మకం ఇంకోవైపు కూడా పనిచేస్తుంది: లేపేవాడు దేవుడైతే టేకు పెట్టెలోవాడూ మామిడి పలకల్లోవాడూ ఒకేలా లేస్తారు. వరదలో కొట్టుకుపోయినవాడికీ, కాలిపోయినవాడికీ లోటు లేదు. కతోలిక సంఘం కూడా 1963లో దహనం మీద నిషేధం ఎత్తేసింది. తప్పనిసరై దహనం చేసిన కుటుంబాన్ని నొప్పించే మాట ఎవరి నోటా రాకూడదు.

బతికుండగానే తేల్చుకోవాల్సినవి

సమాధుల తోట స్థలం సంగతి మొదట చూడాలి. చాలా సంఘాల్లో తోట ఎవరి పేరున ఉందో పెద్దలకే తెలియదు. తాతల కాలంలో ఎవరో నోటిమాటగా ఇచ్చిన నేల కావచ్చు, ప్రభుత్వ భూమి కావచ్చు. ఒడిశా ప్రభుత్వ భూమి రికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో జిల్లా, తహశీలు, గ్రామం ఎంచుకుని ఖాతా నంబరు, ప్లాటు నంబరు, కిసం (భూమి రకం) అన్న చోట ఏం రాసి ఉందో చూడండి. ప్రింటు తీసి సంఘం ఫైల్లో పెట్టండి. ఖాతా వేరొకరి పేరున ఉంటే శవం వీధిలో ఉన్నప్పుడు కాదు, మామూలు రోజుల్లో తహశీల్దారు దగ్గరకు, గ్రామపెద్దల దగ్గరకు వెళ్లాలి. పాతిపెట్టడం మీద గొడవలు ఎక్కువగా లేచేది కాగితం లేని చోట్లే.

రెండోది వీలునామా. పరలోకం మన ఇల్లని పాడేవాళ్లే ఇక్కడి ఇంటి సంగతి రాయకుండా పోతారు, తర్వాత అన్నదమ్ములు ఒకే బల్ల మీద ప్రభురాత్రి భోజనం తీసుకోవడం మానేస్తారు. వీలునామా మామూలు తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. రాసినవాళ్లు సంతకం చేయాలి. దాన్ని చూసిన ఇద్దరు సాక్షులు రాసినవాళ్ల ఎదుటే సంతకాలు పెట్టాలి. ఆస్తి దక్కేవాళ్లను, వాళ్ల భార్యాభర్తలను సాక్షులుగా పెట్టకూడదు. పెడితే వాళ్లకు రాసిన వాటా చెల్లకుండా పోతుంది. వీలునామా లేకపోతే క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం పిల్లలున్న వితంతువుకు మూడో వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలందరికీ సమానంగా వస్తాయి. కూతురికీ కొడుకుకీ తేడా లేదు. కట్నం ఇచ్చేశాం కాబట్టి కూతురికి ఏమీ లేదన్న మాట మన సంఘాల్లో ఇంకా తిరుగుతోంది, అది తప్పు. ఆదివాసీ కుటుంబాలకు ఆచారాన్నిబట్టి వేరే లెక్క ఉండొచ్చు కాబట్టి వాళ్లు వకీలుతో మాట్లాడుకోవాలి.

మూడోది సంఘంలో అంత్యక్రియల నిధి. ఇంటికి నెలకు 20 రూపాయలంటే ఎవరికీ బరువు కాదు. 60 ఇళ్ల సంఘానికి ఏడాదికి 14,400 పోగవుతాయి. ఇందులోంచి ప్రతి ఇంటికీ ఒకే మొత్తం ఇవ్వాలి, ధనికుడికైనా కూలివాడికైనా. ధనికుడు వద్దంటే తిరిగి నిధికే ఇచ్చేస్తాడు. పేదవాడు అడగాల్సిన అవసరం రాదు. డబ్బు ఇద్దరి పేరున బ్యాంకు ఖాతాలో ఉండాలి, 5,000 రూపాయలు మాత్రం ఎప్పుడూ చేతిలో ఉంచుకోవాలి, ఎందుకంటే చావు బ్యాంకు వేళలు చూసి రాదు.

రోగిని చూడ్డానికి వెళ్లేవాళ్లకు రెండు మాటలు. పది నిమిషాలకు మించి కూర్చోకండి. "నువ్వు తప్పకుండా లేస్తావు, దేవుడు నాకు చూపించాడు" అని మాట ఇవ్వకండి. లేవకపోతే ఆ ఇంట్లోవాళ్లు దేవుణ్ణి అనుమానిస్తారు, లేదా తమ విశ్వాసం చాలలేదని తమనే తిట్టుకుంటారు. రోగికి స్పృహ ఉండగానే ఎవరితోనైనా మాట తేడా ఉంటే పిలిపించాలా అని అడగండి. ఏ పాట పాడాలో, ఎవరు వాక్యం చెప్పాలో అడిగి రాసుకోండి. చావు గురించి మాట్లాడితే చావు వస్తుందన్న భయం మనకు ఇంకా ఉంది, కానీ చాలామంది రోగులు ఎవరైనా అడిగితే చాలని ఎదురుచూస్తుంటారు.

మొదటి ఆరు గంటలు

ఇంట్లో చనిపోతే ముందు డాక్టరును గానీ ఆరోగ్య కేంద్రం సిబ్బందిని గానీ పిలిపించి మరణాన్ని నిర్ధారించుకోవాలి. ప్రమాదం, ఆత్మహత్య, విషం, పాముకాటు అయితే పోలీసులకు చెప్పకుండా ఏదీ కదపకూడదు. పోస్టుమార్టం లేకుండా పాతిపెడితే పరిహారం పోతుంది, కేసు వస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో చనిపోతే మహాప్రయాణ అనే ప్రభుత్వ శవవాహనం ఉచితంగా ఇంటికి చేర్చాలి. అడిగితేనే దొరుకుతుంది, కాబట్టి ప్రైవేటు బండి మాట్లాడుకునే ముందు అడగండి.

కళ్లు మూయాలి, గడ్డానికి గుడ్డ కట్టాలి, చేతులు కాళ్లు సరిచేయాలి. ఇవన్నీ రెండు మూడు గంటల్లోపే జరగాలి. తర్వాత శరీరం బిగుసుకుంటుంది, బలవంతంగా వంచితే చూసేవాళ్లకు అది మరిచిపోలేని బాధ. స్నానం చేయించి, ఆదివారం వేసుకునే బట్టలు వేయండి. కొత్త బట్టల కోసం బజారుకు పరిగెత్తాల్సిన పని లేదు. నోట్లో బియ్యం, నాణెం పెట్టడం, కాళ్ల బొటనవేళ్లకు పసుపు తాడు కట్టడం మన చుట్టాల చేతులు అలవాటుగా చేసేస్తాయి. గద్దించకుండా ఇంటి పెద్ద ఒకరు మెల్లగా ఆపాలి. బొటనవేళ్లు కలిపి కట్టడం మాత్రం కాళ్లు విడిపోకుండా చేసే పని, తెల్ల గుడ్డపీలికతో కట్టుకోవచ్చు.

వేసవిలో మంచు లేకుండా ఎనిమిది గంటలకు మించి ఉంచడం కష్టం. ఫ్రీజరు పెట్టె అద్దెకు తెస్తే ఒకటి చూడాలి: దాని వైరుకు ఎర్తు పిన్ను ఉండి తీరాలి, ప్లగ్గు తడి నేల మీద ఉండకూడదు. ఏడుస్తూ అందరూ దాన్నే పట్టుకుని నిలబడతారు కాబట్టి షాకు కొడితే ఒక్కరితో ఆగదు. కరెంటు పోతే మూత తెరవకుండా ఉంటే మూడు నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది. ముఖం చూపించమని అడిగిన ప్రతివాళ్లకూ మూత ఎత్తడంతోనే పెట్టె వేడెక్కుతుంది. పైన అద్దం ఉంది కదా, అక్కడినుంచే చూడమనండి.

హైదరాబాదు, విశాఖ నుంచి రావాల్సిన కొడుకు కోసం ఎంతసేపు ఆగాలి? అతడు ఎక్కిన రైలు ఏదో, ఏ టైముకు దిగుతాడో తెలుసుకున్నాకే భూస్థాపన గంట ప్రకటించండి. రాయగడ మెయిన్ లైనులో ఉంది కాబట్టి ఇబ్బంది తక్కువ. గుణుపూరు, పర్లాకిమిడి వచ్చేవాళ్లు నేరుగా వచ్చే బండి దొరక్కపోతే నౌపడ దగ్గర బండి మారాలి, అక్కడ ఒక బండి తప్పితే పూట పోతుంది. అలాంటప్పుడు శ్రీకాకుళం వైపు నుంచి రోడ్డు మీద రమ్మనడమే మేలు. ప్రకటించిన గంటను రెండుసార్లు మార్చకండి. గొయ్యి తవ్వినవాళ్లు, పాటలవాళ్లు, వంటవాళ్లు అందరూ ఆ గంటనే నమ్ముకుని ఉంటారు.

పెట్టె, గొయ్యి

పెట్టె కొలత తీసేటప్పుడు మనిషి పొడవుకు నాలుగు అంగుళాలు కలపండి. అయిదడుగుల ఆరంగుళాల మనిషికి లోపలి పొడవు అయిదడుగుల పది అంగుళాలు, భుజాల దగ్గర వెడల్పు 22 అంగుళాలు, లోతు 15 అంగుళాలు సరిపోతాయి. మామిడి పలక ముప్పావు అంగుళం మందం చాలు. అడుగు పలకను మాత్రం మేకులతో వదిలేయకండి, కింద అడ్డంగా మూడు బద్దలు వేసి స్క్రూలు బిగించాలి. మేకులు కొట్టిన అడుగు సమాధి దగ్గర తాళ్ల మీద వేలాడినప్పుడు ఊడిపోవడం జరిగేదే, ఆ దృశ్యం ఆ ఇంటివాళ్లు జన్మంతా మోస్తారు. లోపల పలచటి పాలిథిన్ పరిచి, పైన తెల్ల గుడ్డ వేయాలి. గుడ్డ ఆరు మీటర్లు పడుతుంది. గాజుపేటిక, ఇత్తడి పిడులు, రెక్సిను కుషన్ అవసరమా అంటే, అప్పు చేసి అయితే కాదు. ఆ డబ్బు ఇంట్లో చదువుకునే పిల్ల ఫీజుకు పనికొస్తుంది.

గొయ్యి ఏడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అయిదు నుంచి ఆరడుగుల లోతు. నాలుగడుగుల దగ్గరే ఆపేస్తే నక్కలు, కుక్కలు తవ్వుతాయి, వానకు పైమట్టి కొట్టుకుపోతుంది. మెత్తటి నేలలో నలుగురికి మూడు నాలుగు గంటల పని. రాయగడ చుట్టూ మూడడుగుల కిందే మొరం, బండ తగలడం మామూలే. గునపాలు, సమ్మెట ముందే తీసుకెళ్లాలి, ఎనిమిది గంటలు పడుతుందనుకుని రాత్రే మొదలుపెట్టాలి. బండ అసలు లొంగకపోతే పక్కకు జరిగి తవ్వండి, వరస చెడుతుందని పంతం పట్టొద్దు.

వానాకాలంలో నాగావళి, వంశధార, మహేంద్రతనయ ఒడ్డు ఊళ్లలో తవ్వుతుండగానే నీరు ఊరుతుంది. అప్పుడు గొయ్యి రాత్రే పూర్తి చేయకండి. నాలుగడుగుల దగ్గర ఆపి టార్పాలిన్ కప్పి, చుట్టూ అరడుగు కాలువ తీసి వదిలేయండి. చివరి అడుగు, అడుగున్నర భూస్థాపనకు రెండు గంటల ముందు తవ్వి, బకెట్లతో తోడి, అడుగున నాలుగు బుట్టల ఇసుక పోయాలి. తీసిన మట్టిని గట్టు అంచునుంచి రెండడుగులు దూరంగా వేయాలి. అంచు మీదే పోస్తే జనం నిలబడినప్పుడు గట్టు విరుగుతుంది.

తల పడమర, కాళ్లు తూర్పు పెట్టడం పాత అలవాటు. ప్రభువు రాకడ తూర్పు నుంచి వచ్చే మెరుపులా ఉంటుందన్న మాటనుంచి వచ్చింది, లేచినప్పుడు ముఖం అటే ఉండాలని. చక్కటి అలవాటే, చట్టం మాత్రం కాదు. తోటలో సమాధుల వరస ఉత్తరం దక్షిణం ఉంటే ఆ వరసలోనే పెట్టండి.

దింపడానికి ఇరవై అడుగుల తాళ్లు రెండు కావాలి. నైలాను వద్దు, అరచేతుల్లో జారి కోసేస్తుంది. కొబ్బరి తాడు గానీ మందపాటి నూలు తాడు గానీ మంచిది. ఒక తాడు భుజాల కింద, ఒకటి మోకాళ్ల కింద. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు, ఒకరు మాత్రమే మాట చెప్పాలి. నలుగురూ సలహాలిస్తే పెట్టె ఒరుగుతుంది. దించాక తాడు ఒకవైపు వదిలి మరోవైపు నుంచి మెల్లగా లాగాలి.

ఆరాధన

ఈ ప్రాంతంలో సంఘాలు వేర్వేరు చేతుల మీదుగా వచ్చాయి. జయపురం, కొరాపుటు వైపు 1882లో జర్మనీ నుంచి వచ్చిన బ్రెక్లుం మిషనరీల లూథరన్ సంఘాలు. పర్లాకిమిడి వైపు కెనడా బాప్తిస్టులు. రాయగడకు 2016 నుంచి సొంత కతోలిక మేత్రాసనం, అంటే బిషప్పు పాలన కింది ప్రాంతం, ఉంది. వీటికి తోడు ఇప్పుడు పెంతెకొస్తు సంఘాలు. లూథరన్లకు క్రమం పుస్తకంలో ఉంటుంది, బాప్తిస్టులు పాస్టరుగారిని బట్టి నడుస్తారు. కతోలికులు చనిపోయినవారి కోసం ప్రార్థిస్తారు, నవంబరు 2న స్మరిస్తారు. బాప్తిస్టులు, లూథరన్లు వారి జీవితం కోసం కృతజ్ఞత చెప్పి, మిగిలినవారి ఆదరణ కోసం ప్రార్థిస్తారు. పెళ్లిళ్ల వల్ల ఒకే ఇంట్లో రెండూ ఉంటే చనిపోయినవారు ఏ సంఘంలో ఉన్నారో ఆ క్రమమే నడవాలి. గొయ్యి దగ్గర సిద్ధాంతాలు తేల్చుకోవద్దు.

సమయం కొలిచి పెట్టుకోండి. ఇంటి దగ్గర పదిహేను నిమిషాలు: ఒక పాట, 23వ కీర్తన, ప్రార్థన. మందిరంలో నలభై అయిదు. సమాధి దగ్గర ఇరవై. మందిరంలో క్రమం ఇలా నడిపితే చాలు: పాట, ప్రార్థన, వాక్యపఠనం, జీవిత సాక్ష్యం అయిదు నిమిషాలు, పాట, వాక్యం పదిహేను నిమిషాలు, ప్రార్థన. ఈ లెక్కను పాడు చేసేది ఎక్కువగా వేదిక మీద వరసగా కూర్చునే అతిథి పాస్టర్లు. ఏడుగురు పాస్టర్లు వస్తే ఏడుగురూ "రెండు మాటలు" చెప్పాలంటారు, ఒక్కొక్కరివి రెండు మాటలు ఇరవై నిమిషాలు. ఒకరికి వాక్యం, ఒకరికి ప్రార్థన, ఒకరికి ఆశీర్వాదం అని ముందే కాగితం మీద రాసి చేతికివ్వండి. మిగిలినవాళ్ల పేర్లు చదివి వందనాలు చెప్పండి.

వాక్యానికి యోహాను 14 మొదటి మూడు వచనాలు ఎప్పుడూ పనికొస్తాయి: "నా తండ్రి యింట అనేక నివాసములు కలవు." థెస్సలొనీకయులకు మొదటి పత్రిక 4వ అధ్యాయం 13 నుంచి 18 వరకు కూడా. అక్కడ పౌలు దుఃఖపడవద్దని అనలేదు, "నిరీక్షణ లేని యితరులవలె" దుఃఖపడవద్దన్నాడు. ఈ ఒక్క మాట సరిగ్గా చెబితే, ఏడుస్తున్నవాళ్లను "విశ్వాసివై ఉండి ఏడుస్తావా" అని గద్దించే అలవాటు తగ్గుతుంది. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచాడు.

ప్రసంగంలో చేయకూడనివి రెండు. చనిపోయినవాడు నరకానికి పోయాడని గానీ, తాగుబోతైనా తప్పకుండా పరలోకంలో ఉన్నాడని గానీ తీర్పు చెప్పకూడదు. ఆత్మహత్య అయినా, బాప్తిస్మం తీసుకోకపోయినా సరే. తీర్పు కుర్చీ మనది కాదు, దేవుని కనికరం గురించే మాట్లాడాలి. రెండోది, వచ్చిన హిందూ ఇరుగుపొరుగువాళ్ల కర్మకాండలను వెక్కిరించకూడదు. వాళ్లు పనులు మానుకుని భుజం పట్టడానికి వచ్చారు. మన నిరీక్షణ ఏమిటో సూటిగా చెబితే చాలు, వాళ్లది ఏం కాదో చెప్పనక్కర్లేదు.

ఒడియా, సవర చుట్టాలు ఉంటే మొత్తం ప్రసంగాన్ని తర్జుమా చేయించొద్దు, రెండింతలు సాగుతుంది. ఒక వాక్యభాగం ఒడియాలో ఒకరు చదవాలి, ఒక పాట వాళ్లు పాడాలి. ప్రభువు ప్రార్థన ఎవరి భాషలో వాళ్లు ఒకేసారి చెప్పుకోవాలి. ఆ కలగాపులగమే వినడానికి బాగుంటుంది. తెలుగు పాటలకు ఇక్కడ వెతుక్కోనక్కర్లేదు, తెలుగు క్రైస్తవ కీర్తనకారుల్లో మొదటివరసవాడైన పురుషోత్తమ చౌదరి 1803లో పుట్టింది పర్లాకిమిడి దగ్గరే. మైకు సౌండు మాత్రం తగ్గించండి. దుఃఖంలో ఉన్నవాళ్లకు కీబోర్డు తాళం అక్కర్లేదు, నలుగురు గొంతెత్తి పాడితే చాలు.

సమాధి దగ్గర పెట్టె దించాక పాస్టరుగారు మూడుసార్లు మట్టి వేస్తూ మన్నునకు మన్ను, బూడిదకు బూడిద, ధూళికి ధూళి అంటారు. వెంటనే పునరుత్థాన నిరీక్షణ మాట చెప్పాలి, మట్టి మాటతో ఆపేయకూడదు. తర్వాత ఇంటివాళ్లు, ఆపై అందరూ గుప్పెడేసి మట్టి వేస్తారు. పూలదండల్లోని ప్లాస్టిక్ తీసేసి పూలు మాత్రమే లోపల వేయండి. మట్టి పూర్తిగా పూడ్చి, అడుగున్నర దిబ్బ చేసి, పేరు రాసిన చెక్క సిలువ నాటేదాకా కనీసం పదిమంది ఆగాలి. భోజనానికి అందరూ వెళ్లిపోయి కూలివాళ్లు పూడుస్తుంటే కొడుకు ఒక్కడే నిలబడి చూడడం బాగుండదు.

విధవరాలు, పిల్లలు

గాజులు పగలగొట్టడం, మెట్టెలు లాగడం, తెల్లచీర కప్పడం అనేవి మన సంఘాల్లో వద్దనుకున్నా దూరపు ముత్తవ్వ చేతుల్లోంచి హఠాత్తుగా వచ్చేస్తాయి. మాటతో ఆగవు. స్త్రీల సమాజం నుంచి ఇద్దరు పెద్దామెలు ఆమెకు అటూ ఇటూ కూర్చుని, భూస్థాపన అయ్యేదాకా లేవకుండా ఉండాలి. ఆమె నగలు, గాజులు ఆమె ఇష్టం. భర్త ప్రభువు దగ్గర ఉన్నాడని నమ్మేచోట భార్య అశుభం ఎలా అవుతుంది? మరుసటి ఆదివారం ఆమె ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చోబెట్టండి. ఆ వారం జరిగే పెళ్లికి ఆమెనే ముందు పిలవండి. ఇంటికి మైల అంటూ ఏమీ లేదు, పొయ్యి వెలిగించుకోవచ్చు.

పిల్లలకు "తాతయ్య నిద్రపోయాడు" అని చెప్పకండి. పెద్దవాళ్లకు ఆ మాట ఆదరణ, పిల్లలకు రాత్రి నిద్రంటే భయం. "దేవుడికి మంచివాళ్లు కావాలి కాబట్టి తీసుకెళ్లిపోయాడు" అంటే ఇంకా ప్రమాదం. మంచిగా ఉంటే తననూ తీసుకెళ్లిపోతాడని పిల్లాడు లెక్క వేసుకుంటాడు. ఇలా చెప్పండి: తాతయ్య చనిపోయాడు, ఆయన ఒంట్లో ఊపిరి ఆగిపోయింది, ఇక నొప్పి లేదు, ఆయన యేసు దగ్గర ఉన్నాడు, మనకు బెంగగా ఉంటుంది, ఏడవొచ్చు. గొయ్యి చూడ్డానికి వస్తానంటే చేయి పట్టుకుని తీసుకెళ్లండి, రానంటే బలవంతం చేయకండి.

భోజనం, కాగితాలు, ఆదరణ కూడిక

చావు రోజున ఆ ఇంటివాళ్లకు వంట పని పెట్టకూడదు. సంఘంలో నాలుగు ఇళ్లు పంచుకుని వండి తేవాలి. వంద మందికి బియ్యం 13 కిలోలు, దాల్మాకు (కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు) పప్పు 5 కిలోలు, కూరగాయలు 9 కిలోలు, నూనె రెండు లీటర్లు సరిపోతాయి. దాల్మా అయితే ఒడియా చుట్టాలకూ తెలుగు చుట్టాలకూ ఒకటే గిన్నె. టీకి వంద కప్పులంటే పాలు 5 లీటర్లు, నీళ్లు 4 లీటర్లు, పంచదార కిలో, పొడి పావు కిలో.

మరణ నమోదు 21 రోజుల్లో చేయిస్తే ఖర్చు లేదు. దాటితే ఆలస్య రుసుం, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా పోతుంది. ఆంధ్ర వైపు చుట్టాలు పంచాయతీ సెక్రటరీ దగ్గరకు వెళ్లమంటారు. ఒడిశా పల్లెల్లో రిజిస్ట్రారు ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి. పేరు దగ్గర జాగ్రత్త. ఆధార్‌లో ఇంటిపేరు ముందుండి, భూమి పట్టాలో ఒడియా లిపిలో ఇంటిపేరు చివరికి వెళ్లి ఉంటుంది. ఏ కాగితంలో ఎలా ఉందో అన్నీ పక్కపక్కన పెట్టుకుని, ఆధార్ ప్రకారమే రాయించండి. కనీసం అయిదు నకళ్లు తీసుకోండి: బ్యాంకు, ఇన్సూరెన్సు, పింఛను, భూమి, సంఘం రిజిస్టరు. పేద కుటుంబమైతే అంత్యక్రియలకు ఒడిశా ప్రభుత్వం సాయమిచ్చే హరిశ్చంద్ర సహాయత పథకం గురించి పంచాయతీలో అడగండి.

ఆదరణ కూడిక మూడో రోజో, వారానికో, నెలకో పెట్టుకోవచ్చు. పదో రోజు, పదకొండో రోజు మాత్రం వద్దు. ఆ తేదీ పెట్టగానే చుట్టాలందరికీ అది పెద్దకర్మ అయిపోతుంది, మేకలు తెగుతాయి, అప్పులు పుడతాయి. గంటకు మించని కూడిక, టీ, ఒక అరటిపండు చాలు. వచ్చినవాళ్లు భోజనం కోసం రాలేదు కదా. కవరులో వేసే కానుక నేరుగా వితంతువు చేతికి వెళ్లాలి, సంఘం పెట్టెకు కాదు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. నలభై రోజులకు ఇల్లు ఖాళీ అవుతుంది, ఫోన్లు ఆగిపోతాయి. స్త్రీల సమాజం రెండో నెల నుంచి ఆరో నెల దాకా వారానికి ఒకరు చొప్పున ఆ ఇంటికి వెళ్లేలా వంతులు రాసి గోడకు అంటించండి. వెళ్లి వాక్యం చెప్పడం కంటే కూర్చుని కూర తరిగిపెట్టడం నయం. "పరలోకంలో ఉన్నాడుగా, ఇంకా ఎందుకు బెంగ" అని మాత్రం ఎవరూ అనకూడదు. చనిపోయినాయన పేరు ఎత్తండి, ఆయన చేసే జోకు గుర్తు చేయండి. ఆమె వినాలనుకునేది అదే.

మొదటి ఈస్టరు

సిమెంటు సమాధి కట్టాలనుకుంటే ఒక వానాకాలం ఆగండి. పూడ్చిన మట్టి ఏడాదికి అడుగు దాకా కుంగుతుంది. ముందే పలక వేస్తే మధ్యలో చీలి సిలువ ఒరిగిపోతుంది. తోట ఇరుకైతే అసలు కట్టకుండా చిన్న రాతి సిలువ మాత్రం పెట్టండి, వెనకవచ్చేవాళ్లకు చోటుంటుంది. పేరు తెలుగులోనూ ఒడియాలోనూ రాయించండి, మనవలు ఏ బడిలో చదువుతారో ఎవరికి తెలుసు. చెక్కేవాడికి ఇచ్చే ముందు అక్షరాలు, తేదీలు ఇద్దరు చూడాలి.

ఈస్టరుకు ముందు శనివారం తోట శుభ్రం చేయాలి. ఎండాకాలం పొదల్లో పాములుంటాయి కాబట్టి బూట్లు వేసుకుని, ముందు కర్రతో తట్టి, తర్వాతే చేయి పెట్టాలి. సున్నం వేసేవాళ్లు ముందురోజే తడిపి చల్లార్చినదే తేవాలి. అక్కడికక్కడ రాతిసున్నంలో నీళ్లు పోస్తే అది ఉడుకుతూ చిమ్ముతుంది, కళ్లు పోతాయి.

ఏప్రిల్ మొదట్లో పర్లాకిమిడిలో సూర్యోదయం సుమారు 5.45కు. కాబట్టి 4.45కల్లా తోటలో ఉండాలి. గాలికి కొవ్వొత్తులు నిలవవు, ప్లాస్టిక్ సీసా కోసి పెడితే అంటుకుంటుంది. గాజు గ్లాసులో రెండు వేళ్ల ఇసుక పోసి కొవ్వొత్తి గుచ్చండి. పాటలు చీకట్లో మొదలుపెట్టి, వెలుతురు వచ్చేసరికి పునరుత్థాన వాక్యం చదవాలి. ఆ ఏడాది నిద్రించినవారి పేర్లు ఒక్కొక్కటిగా చదివి, ప్రతి పేరు తర్వాత ఆ ఇంటివాళ్లు తమ సమాధి దగ్గరకు వెళ్లి నిలబడేలా చూడండి. మొదటి ఏడాది ఆ ఇంటివాళ్లకు ఆ నాలుగడుగులు కష్టంగా ఉంటాయి. స్త్రీల సమాజం నుంచి ఒకరు పక్కన నడవాలి.